జబ్బు తగ్గాక సముద్రం పక్కన పార్క్ హోమ్‌లోకి మారాలనుకునేవాళ్ళు ఏమేం చూస్కోవాలి

యూకేకి తొంభైల్లో, రెండువేల మొదట్లో వచ్చిన మన డాక్టర్లూ ఐటీ వాళ్ళూ ఇప్పుడు యాభై అరవైల్లో ఉన్నారు. పిల్లలు ఉద్యోగాలకి వెళ్ళిపోయారు, ఇంట్లో ఎవరో ఒకరికి గుండె ఆపరేషనో క్యాన్సరో స్ట్రోకో వచ్చి తగ్గింది, ఇక ఈ పెద్దిల్లూ మెట్లూ ట్రాఫిక్కూ మనవల్ల కాదు, ఏ సముద్రం పక్కనో చిన్న ఇల్లు తీస్కొని ప్రశాంతంగా ఉందాం అనిపిస్తుంది. మా ఆయనకి పేగు క్యాన్సర్ ఆపరేషన్, కీమో అయ్యాక మేం కూడా అలాగే అనుకుని లింకన్‌షైర్ తీరానికి మారాం, పార్క్ హోమ్‌లోనే (వేరేవాళ్ళ నేల మీద ఛాసిస్ మీద నిలబెట్టిన చిన్న ఇల్లు) ఉంటున్నాం. ఇందులో దాచుకున్న డబ్బు పోగొట్టుకోడం చాలా తేలిక, సరిగ్గా కుదిరితే మాత్రం మనిషి నిజంగా తేరుకుంటాడు, అందుకే ఎవరడిగినా వివరంగా చెప్తాను.

ఒక్క విషయం మాత్రం మొదటినించీ మనసులో పెట్టుకోండి. ఓపిక బాగున్న రోజుని బట్టి ఇల్లు చూడొద్దు, మంచం దిగలేని రోజుని బట్టి చూడండి. జూన్‌లో ఎండ కాస్తుంటే ఏ పార్క్ అయినా బాగానే ఉంటుంది.

1. ముందు హాస్పిటల్ వాళ్ళతో మాట్లాడండి

ట్రీట్‌మెంట్ మధ్యలో మారొద్దు. కీమో నడిచేటప్పుడు జ్వరం వస్తే అది మామూలు జ్వరం కింద లెక్క కాదు, వెంటనే హాస్పిటల్‌కెళ్ళి యాంటీబయాటిక్స్ మొదలెట్టాలి, కొత్త ఊళ్ళో ఆ హాస్పిటల్ ఎక్కడో తెలీని స్థితిలో ఉండకూడదు. ట్రీట్‌మెంట్ అయిపోయి, ఆ తర్వాత చేసే స్కాన్ బాగుందన్నాక కన్సల్టెంట్‌ని సూటిగా అడగండి: ఇంకా ఎన్నేళ్ళు ఫాలో అప్ ఉంది, ఏ పరీక్షలు, అవి ఏ హాస్పిటల్లోనైనా చేస్తారా, మీ దగ్గరికే రావాలా. పేగు క్యాన్సర్‌కైతే సీఈఏ (క్యాన్సర్ తిరగబెట్టిందేమో సూచించే) రక్త పరీక్షలు, సీటీ స్కాన్లు, కొలనోస్కోపీ అని కొన్నేళ్ళు నడుస్తుంది.

తర్వాత మ్యాప్ తీసి దూరాలు చూడండి. మా వైపు సంగతే చెప్తా, స్కెగ్నెస్‌లో చిన్న హాస్పిటల్ ఉంది, అర్జెంట్ ట్రీట్‌మెంట్ సెంటర్ ఉంది, కానీ పెద్ద ఎమర్జెన్సీ కావాలంటే బోస్టన్‌లో పిల్‌గ్రిమ్ హాస్పిటల్‌కి 20 మైళ్ళ పైన వెళ్ళాలి, రేడియోథెరపీ అయితే లింకన్ దాకా. ఎండాకాలం సెలవుల్లో ఇక్కడి రోడ్ల మీద కారవాన్ల క్యూలు మైళ్ళకొద్దీ ఉంటాయి, కాబట్టి ఆ దూరాన్ని ఆగస్టు శనివారం లెక్కలో చూస్కోండి. గుండె జబ్బు వాళ్ళకి, స్ట్రోక్ వచ్చినవాళ్ళకి ఇది సముద్రం కంటే ముఖ్యం. డ్రైవింగ్ సంగతి కూడా ముందే తేల్చుకోండి, స్ట్రోక్ తర్వాత కనీసం నెల రోజులు కారు నడపకూడదు, ఆ తర్వాత కూడా ఇబ్బంది ఉంటే డీవీఎల్ఏకి (డ్రైవింగ్ లైసెన్సులు చూసే ప్రభుత్వ ఆఫీసు) చెప్పాలి. ఇంట్లో కారు నడిపేది ఒక్కరే అయి, ఆ ఒక్కరే పేషెంట్ అయితే బస్సు దొరికే ఊరే చూస్కోవాలి.

2. కొనకముందు ఒక చలికాలం అద్దెకుండండి

నేను గట్టిగా పట్టుబట్టి చెప్పేది ఇదే. నవంబర్ నించి ఫిబ్రవరి దాకా ఆ ఊళ్ళో ఒక ఫ్లాటో బంగళానో తీస్కోండి, సీజన్ కాదు కాబట్టి అద్దె కాస్త తక్కువకే దొరుకుతుంది. సాయంత్రం నాలుక్కల్లా చీకటి, షాపుల్లో సగం మూసేసి ఉంటాయి, నార్త్ సీ మీదనించి గాలి కొడితే చెవులు నొప్పెడతాయి. ఇదంతా చూశాక కూడా మీకు అక్కడ ఉండాలనిపిస్తే అప్పుడు కొనండి.

కీమోలో ఆక్సాలిప్లాటిన్ ఇచ్చినవాళ్ళు ఇంకా జాగ్రత్త. ఆ మందు వేళ్ళలో నరాల మీద పని చేస్తుంది, చల్లటిది ముట్టుకుంటే కరెంట్ షాక్ కొట్టినట్టు జివ్వుమంటుంది, ట్రీట్‌మెంట్ అయ్యాక కూడా తిమ్మిర్లు కొందరికి నెలలు, కొందరికి ఏళ్ళు ఉండిపోతాయి. మా ఆయన మొదటి చలికాలం వాకిట్లో మెట్ల పక్కనున్న ఇనప రెయిలింగ్ పట్టుకోలేకపోయేవారు, పట్టుకోకపోతే పడిపోతారేమోనని నాకు భయం, చివరికి నీళ్ళ పైపులకి తొడిగే ఫోమ్ గొట్టం తెచ్చి ఆ రెయిలింగ్‌కి పొడుగూతా తొడిగాం, ఇప్పటికీ అదే ఉంది. ఇలాంటివి ఎండాకాలంలో వెళ్ళి చూసొస్తే అస్సలు తెలియవు.

ఇంకో సంగతి, పాతిల్లు అప్పుడే అమ్మేయొద్దు. అద్దెకివ్వండి, లేకపోతే ఆ చలికాలం తాళం వేసి ఉంచండి. వెనక్కి వెళ్ళే దారి ఉందని తెలిస్తే జబ్బు మనిషికి నిద్ర పడుతుంది.

3. అది నివాసానికా, సెలవులకా? కాగితం చూడండి

ఎక్కువమంది మునిగిపోయేది ఇక్కడే, కాబట్టి నెమ్మదిగా చదవండి.

చూడ్డానికి రెండూ ఒకేలా ఉంటాయి, పొడుగ్గా పెట్టెలాగా, కింద చక్రాల ఛాసిస్, చుట్టూ చిన్న గడ్డి జాగా. కానీ ఒకటి రెసిడెన్షియల్ పార్క్ హోమ్, రెండోది హాలిడే స్టాటిక్ కారవాన్. హాలిడే పార్క్‌లో దాన్ని మీ అసలు ఇల్లుగా పెట్టుకోకూడదు. మీకు వేరే చోట ఇల్లుందని కౌన్సిల్ టాక్స్ బిల్లు చూపించమంటారు, చాలావాటిని ఏడాదిలో కొన్ని వారాలు మూసేస్తారు, కారవాన్‌కి ఇన్నేళ్ళు దాటితే తీసేయాలని వయసు లిమిట్ కూడా పెడతారు. సేల్స్ వాళ్ళు "పన్నెండు నెలలూ తెరిచే ఉంటుంది" అంటారు, అది నిజమే కావచ్చు, కానీ తెరిచి ఉండటం వేరు, అక్కడ నివాసం ఉండే హక్కు వేరు. నమ్మి పాతిల్లు అమ్మేసి వెళ్తే చట్టప్రకారం మీకు అడ్రస్సే లేనట్టు. జబ్బు నించి లేచిన మనిషి ఆ స్థితిలో పడకూడదు.

రెసిడెన్షియల్ పార్క్ అయితే ఇంగ్లాండ్‌లో మొబైల్ హోమ్స్ యాక్ట్ 1983 మీకు రక్ష. సైట్ ఓనర్ తనంతట తను మిమ్మల్ని ఖాళీ చేయించలేడు, కోర్టుకి వెళ్ళాలి. 2013లో వచ్చిన చట్టంతో, మీరు ఇల్లు అమ్ముకునేటప్పుడు అడ్డం పడే అవకాశం కూడా ఓనర్‌కి బాగా తగ్గిపోయింది. వేల్స్‌కి 2013 నాటి సొంత చట్టం ఉంది, అటు వెళ్ళేవాళ్ళు అక్కడి రూల్స్ చూస్కోండి.

ఇప్పుడు చేయాల్సింది చెప్తా. ముందు ఆ ఊరి కౌన్సిల్‌కి ఫోన్ చేసి పార్క్ పేరు చెప్పి సైట్ లైసెన్స్‌లో రెసిడెన్షియల్ అని ఉందా అని అడగండి, ప్లానింగ్ పర్మిషన్ ఏ రకంగా ఇచ్చారో కూడా అడగండి, ఒక్కోసారి ఒకే పార్క్‌లో ఒక వైపు నివాసానికి, ఒక వైపు సెలవులకి ఉంటాయి, కాబట్టి మీ పిచ్ (ఇల్లు నిలబెట్టే జాగా) నంబర్ చెప్పి మరీ అడగాలి. 2021 నించి ఇంగ్లాండ్‌లో రెసిడెన్షియల్ పార్క్ నడిపేవాళ్ళు తగిన మనుషులా కాదా అని కౌన్సిల్ తేల్చి రిజిస్టర్ పెడుతుంది, అందులో పేరుందేమో చూడండి. తర్వాత రిటెన్ స్టేట్‌మెంట్, అంటే ఓనర్‌తో మీ ఒప్పందం షరతులన్నీ రాసి ఉండే కాగితం. కొత్త ఇల్లు ఓనర్ దగ్గరే కొంటే, ఒప్పందం చేసుకునే రోజుకి కనీసం 28 రోజుల ముందు ఇది మీ చేతికి రావాలి. ఉంటున్నవాళ్ళ దగ్గర సెకండ్ హ్యాండ్‌లో కొంటే వాళ్ళు నింపివ్వాల్సిన ఫారాలు, పాత ఒప్పందం కాపీ ఉంటాయి. ఆ 28 రోజులూ వృథా అనుకోకుండా ఒక సొలిసిటర్‌కి చూపించండి. లీజ్‌హోల్డ్ అడ్వైజరీ సర్వీస్ అని ఉంది, పార్క్ హోమ్స్ మీద ఉచితంగా సలహా ఇస్తారు, పెద్దవాళ్ళ కోసం పనిచేసే ఏజ్ యూకే సంస్థ వాళ్ళు కూడా చెప్తారు.

పార్క్ రూల్స్ వేరేగా అడిగి తీస్కోండి. చాలా పార్కుల్లో 50 దాటినవాళ్ళకే, లేదా 55 దాటినవాళ్ళకే అని ఉంటుంది, పిల్లలు అక్కడ నివాసం ఉండకూడదు. మనవాళ్ళకి ముఖ్యమైంది ఇంకోటి, ఇండియా నించి అమ్మో అత్తగారో ఆరు నెలల వీసా మీద వస్తే ఉండనిస్తారా, సెలవులకి మనవలు వస్తే ఎన్ని రోజులు ఉండొచ్చు అన్నది. నోటిమాట సరిపోదు, ఈమెయిల్‌లో రాయించుకోండి.

4. సముద్రం ఎక్కడిదాకా వస్తుందో కనుక్కోండి

బాపట్ల, చీరాల వైపు పుట్టిన మనకి ఇది వేరే చెప్పక్కర్లేదు, తుఫాను అంటే ఏంటో చిన్నప్పుడే చూశాం. ఇక్కడా అలాంటివి జరిగాయి. 1953 జనవరి 31 రాత్రి నార్త్ సీ పొంగి ఇంగ్లాండ్‌లో 307 మంది చనిపోయారు, మేబుల్‌థోర్ప్, సటన్ ఆన్ సీ అన్నీ మునిగాయి. 1990 ఫిబ్రవరిలో వేల్స్‌లో టోవిన్ దగ్గర సముద్రపు గోడ తెగి ఊరంతా నీళ్ళు. నార్ఫోక్‌లో హెమ్స్‌బీ అయితే ఇసక కొండ కోసుకుపోయి 2013లో, 2018లో ఇళ్ళకి ఇళ్ళే పోయాయి.

ప్రభుత్వ సైట్‌లో పోస్ట్‌కోడ్ కొడితే ఆ చోటికి వరద ముప్పు ఎంతో చూపిస్తుంది, ఉచితంగా హెచ్చరికలు ఫోన్‌కి వచ్చేలా పెట్టుకోవచ్చు. ఇన్సూరెన్స్ కొటేషన్ కొనకముందే తీస్కోండి, మామూలు ఇళ్ళ పాలసీ దీనికి పనికిరాదు, పార్క్ హోమ్ పాలసీ అని వేరే ఉంటుంది. వాళ్ళు వరద కవర్ ఇవ్వం అన్నారంటే ఆ పిచ్ వదిలేయండి, వ్యూ ఎంత బాగున్నా సరే. ముందు వరసకంటే నాలుగైదు వరసల వెనక ఉన్నవి గాలికి కూడా నయం, ధరలోనూ తేడా ఉంటుంది, సముద్రం దగ్గరికి ఐదు నిమిషాలు నడిస్తే చాలు.

5. ఇల్లు చూడ్డానికి వెళ్ళినప్పుడు

పేషెంట్‌ని తీస్కెళ్ళండి, అదీ సాయంత్రం అలిసిపోయాక తీస్కెళ్ళండి. ఛాసిస్ మీద ఉంటుంది కాబట్టి పార్క్ హోమ్‌కి వాకిట్లో మూడు నాలుగు మెట్లు తప్పకుండా ఉంటాయి. ఇప్పుడు ఎక్కగలుగుతారు సరే, రేపు వీల్‌చెయిర్ కావాల్సొస్తే? ర్యాంప్ లెక్క ఇంచుమించు ఒకటికి పన్నెండు, అంటే గుమ్మం 60 సెంటీమీటర్ల ఎత్తులో ఉంటే 7 మీటర్ల పైన ర్యాంప్ కావాలి. టేపు తీస్కెళ్ళి ఆ జాగా ఉందో లేదో కొలవండి. బయట కట్టాలంటే ఓనర్ అనుమతి కావాలి, లోపల మార్పులు మీ ఇష్టం. కౌన్సిల్ ఇచ్చే డిజేబుల్డ్ ఫెసిలిటీస్ గ్రాంట్ పార్క్ హోమ్స్‌కి కూడా వర్తిస్తుంది, ఇంగ్లాండ్‌లో 30,000 పౌండ్ల దాకా, ఈ సంగతి చాలామందికి తెలీదు.

మంచం నించి బాత్రూమ్‌కి ఎన్ని అడుగులో నడిచి చూడండి, పేగు ఆపరేషన్ అయినవాళ్ళకి ఇది చాలా పెద్ద విషయం. బాత్రూమ్ తలుపు బయటికి తెరుచుకుంటే మంచిది, లోపల పడిపోతే తియ్యడానికి వీలుంటుంది. షవర్‌కి గట్టు లేకుండా ఉందా, గోడకి పట్టుకునే రాడ్ బిగిస్తే ఆగుతుందా, ఇవి గోడలు పల్చన కాబట్టి వెనక చెక్క సపోర్ట్ ఉన్న చోటే బిగించాలి.

చలి సంగతి. బీఎస్ 3632 అని నివాసపు ఇళ్ళ ప్రమాణం ఉంది, ఆ ప్రకారం కట్టిందేనా అని అడగండి, ఎందుకంటే హాలిడే కారవాన్లు కట్టే ప్రమాణం వేరు, వాటిలో ఇన్సులేషన్ అంతంతమాత్రం. పాత ఇంటికైతే పార్క్ హోమ్స్ తెలిసిన సర్వేయర్‌తోనే చూపించుకోండి, ఇంటి కిందకి దూరి ఛాసిస్ తుప్పు, ఇంటిని మోసే జాక్‌లు, చలికి గడ్డకట్టకుండా పైపులకి చుట్టిన లాగింగ్ అన్నీ చూడాలి. సముద్రపు ఉప్పు గాలికి ఇనుము ఎంత త్వరగా పోతుందో తెలుసు కదా.

చాలాచోట్ల మెయిన్స్ గ్యాస్ ఉండదు, ఎల్పీజీ సిలిండర్లే. 47 కిలోల ఎర్ర సిలిండర్లు, ప్రొపేన్. నీలం రంగువి బ్యూటేన్, చలి సున్నాకి దగ్గరయితే సరిగ్గా రావు, కాబట్టి బయట పెట్టేవి ఎర్రవే ఉండాలి. నిండు సిలిండర్ ఖాళీ బరువుతో కలిపితే ఒక మనిషి కదిపేది కాదు, డెలివరీ అబ్బాయి తెచ్చి బిగించి వెళ్తాడా, లేక గేటు దగ్గర దింపేస్తాడా అని అడగాలి. ఒకటి అయిపోతే రెండోదానికి దానంతటదే మారే ఆటోమేటిక్ చేంజోవర్ వాల్వ్ పెట్టించుకోండి, అర్ధరాత్రి చలిలో స్పానర్ పట్టుకుని బయటికెళ్ళే పని తప్పుతుంది. కార్బన్ మోనాక్సైడ్ అలారం తప్పనిసరి.

6. డబ్బు

మార్ట్‌గేజ్ రాదు, చేతిలో డబ్బుండాలి. స్టాంప్ డ్యూటీ లేదు, కౌన్సిల్ టాక్స్ మామూలుగా అన్నిటికంటే తక్కువదైన 'A' బ్యాండ్‌లో పడుతుంది, అవి కలిసొచ్చేవి. కలిసిరానివి: ఇల్లు మీదే కానీ నేల మీది కాదు, నెలనెలా పిచ్ ఫీజు కట్టాలి, ఏడాదికోసారి పెంచుతారు, ఇంగ్లాండ్‌లో 2023 జులై నించి సీపీఐ (ధరల పెరుగుదల సూచీ) లెక్కన. మీరు ఎప్పుడైనా అమ్మితే ధరలో 10 శాతం దాకా సైట్ ఓనర్‌కి పోతుంది, లక్షన్నర పౌండ్లకి అమ్మితే 15,000 అన్నమాట. ఇటుకల ఇల్లులా దీని విలువ పెరుగుతుందని లెక్క వేస్కోవద్దు. పిల్లలకి ఆస్తి మిగల్చాలనే ఆలోచన ఉంటే దీనికోసం మొత్తం పెట్టకండి, పాతిల్లు అమ్మగా వచ్చినదాంట్లో కొంత పక్కన ఉంచండి, జబ్బు మళ్ళీ తిరగబెడితే ఆ డబ్బే ఆదుకుంటుంది.

7. మారిన వారంలోనే

జీపీ (ఆ ఊరి ఫ్యామిలీ డాక్టర్) దగ్గర రిజిస్టర్ అవ్వండి, అడ్రస్ ప్రూఫ్ లేదని వాళ్ళు తిప్పి పంపకూడదు. పాత జీపీ దగ్గర నించి మందుల లిస్టు, హాస్పిటల్ ఉత్తరాలు, డిశ్చార్జ్ సమ్మరీలు ప్రింట్ తీస్కొని ఫైల్‌లో పెట్టుకోండి, రికార్డులు వాటంతటవే వస్తాయి కానీ కాస్త టైం పడుతుంది. మందులు రెండు నెలలకి సరిపడా అడగండి. 60 దాటినవాళ్ళకి ఇంగ్లాండ్‌లో ప్రిస్క్రిప్షన్ ఉచితం, అంతకంటే చిన్నవాళ్ళకి క్యాన్సర్ ఉంటే మెడికల్ ఎగ్జెంప్షన్ సర్టిఫికెట్ ఐదేళ్ళకి ఇస్తారు. పిప్ (వైకల్యం ఉన్నవాళ్ళకిచ్చే భత్యం), బ్లూ బ్యాడ్జ్ (వాళ్ళకిచ్చే పార్కింగ్ కార్డు), డీవీఎల్ఏ అన్నిటికీ అడ్రస్ మార్పు చెప్పండి.

పార్క్‌లో ఇళ్ళన్నీ ఒకేలా ఉంటాయి, రాత్రిపూట అంబులెన్స్ వాళ్ళు మీ ఇల్లు వెతుక్కోవాలి. పోస్ట్‌కోడ్, పిచ్ నంబర్, వాట్ త్రీ వర్డ్స్ యాప్‌లో మీ చోటుని చూపించే మాటలు మూడూ, గేటు కోడ్ పెద్ద అక్షరాలతో రాసి ఫోన్ పక్కన అంటించండి. ఫోన్ సిగ్నల్ ఇంట్లో అన్ని గదుల్లో వస్తుందో లేదో కొనేముందే చూసుంటే ఇంకా మంచిది.

8. వంట, నడక, మనుషులు

చిన్న ఇల్లు, పల్చటి గోడలు, మన తాలింపు పొగకి స్మోక్ అలారం మోగుతుంది. గాలిని బయటికి పంపే ఎక్స్‌ట్రాక్టర్ పెట్టించండి, వడకట్టి మళ్ళీ లోపలికే వదిలేది వద్దు. ఇడ్లీ ఆవిరి, కుక్కర్ ఆవిరి కిటికీల మీద నీళ్ళై కారి మూలల్లో బూజు పడుతుంది, ఊపిరితిత్తుల జబ్బున్నవాళ్ళకి అది చెడ్డది, డీహ్యూమిడిఫైయర్ ఒకటి కొనేయండి. కందిపప్పు, బియ్యం పెద్ద సూపర్ మార్కెట్‌లో దొరుకుతాయి, కరివేపాకు, గోంగూర, చింతపండు లాంటివాటికి మేం లెస్టర్ వెళ్ళినప్పుడు తెచ్చి ఫ్రీజర్ నింపేస్తాం, కాబట్టి నిలువు ఫ్రీజర్‌కి చోటు చూస్కోండి.

సముద్రంలో దిగే విషయంలో డాక్టర్ ఒప్పుకునేదాకా ఆగండి, ఎండాకాలంలో కూడా నీళ్ళు చల్లగానే ఉంటాయి, గుండె జబ్బువాళ్ళకి ఆ చలి దెబ్బ ప్రమాదం. నడక మాత్రం ఇక్కడ ఎంతో హాయి, లింకన్‌షైర్ తీరం చదును, ప్రొమనాడ్ (సముద్రం ఒడ్డున నడిచే బాట) మీద ఎత్తుపల్లాలు లేవు, అక్కడక్కడ బెంచీలు, అలిసిపోతే కూచోవచ్చు. తూర్పు తీరం కాబట్టి మన సూర్యలంకలోలాగే సూర్యుడు సముద్రంలోంచే లేస్తాడు. నవంబర్, డిసెంబర్‌లో డొనా నుక్ దగ్గర సీల్స్ ఇసక మీదకొచ్చి పిల్లల్ని పెడతాయి, తెల్లటి బొచ్చుతో అవి తల్లిని వెతుక్కుంటూ అరుస్తుంటే కంచె ఇవతల నించి చూడొచ్చు, ఆపరేషన్ తర్వాత మా ఆయన అంతసేపు నిలబడటం నేను మొదట చూసింది అక్కడే.

చివరిగా తోడున్నవాళ్ళ గురించి, భార్యైనా భర్తైనా. తెలుగు మాట్లాడే మనిషి దగ్గర్లో ఉండకపోవచ్చు, గుడికి వెళ్ళాలంటే బర్మింగ్‌హామ్ దగ్గర టివిడేల్ బాలాజీ గుడికి గంటల ప్రయాణం, పేషెంట్ నిద్రపోయాక ఆ నిశ్శబ్దం మీ మీద పడుతుంది. పక్కింటివాళ్ళకి మొదటి వారంలోనే వెళ్ళి జబ్బు సంగతి దాచకుండా చెప్పండి, ఒక తాళం చెవి ఇవ్వండి, ఇక్కడ ఎక్కువమంది ఏదో ఒక జబ్బు దాటి వచ్చినవాళ్ళే, బాగా అర్థం చేస్కుంటారు. వారంలో ఒక పూట మీ కోసం ఉంచుకోండి, యూ త్రీ ఏ గ్రూపులు (రిటైరైనవాళ్ళు కలిసి నేర్చుకునే, కాలక్షేపం చేసే సంఘాలు) ఇలాంటి ఊళ్ళలో చాలాచోట్ల ఉంటాయి. జీపీ దగ్గర మీ పేరు కేరర్‌గా, అంటే పేషెంట్‌ని చూస్కునే మనిషిగా రాయించుకోండి, దానివల్ల ఏటా ఫ్లూ టీకా మీకూ ఉచితంగా వేస్తారు, కౌన్సిల్‌ని కేరర్స్ అసెస్‌మెంట్ (మీకేం సాయం కావాలో వాళ్ళు చూడటం) అడగండి, అది అడిగే హక్కు మీకు చట్టంలోనే ఉంది.